ముసురు సంగతి మోకాలికి ముందే తెలుస్తుందా?

(కీళ్లు, ఎముకల సమస్యలపై పాఠకుల ప్రశ్నలకు శ్రీకాకుళం నుంచి మా డాక్టరమ్మ జవాబులు)

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. మా అత్తగారికి 68 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయని ఎక్స్‌రే తీసి చెప్పారు. బయట ఎండ కాస్తుండగానే "రేపటికి ముసురు పట్టేస్తాదే, నా మోకాళ్లు లాగేస్తన్నాయి" అంటారు. చాలాసార్లు అన్నట్టే అవుతుంది. మా ఆయన నవ్వేసి అంతా భ్రమ అంటారు. హైదరాబాద్‌లో ఉంటున్న మా మరిదేమో "ఇక్కడ గాలి పొడిగా ఉంటుంది, అమ్మను పంపెయ్యండి, నొప్పులు తగ్గుతాయి" అంటున్నాడు. గాలి ఒత్తిడి తగ్గితే కీళ్లు నొప్పి పెడతాయన్నది నిజమేనా? ఆవిడను పంపమంటారా?
— ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: అమ్మా, ముందుగా మీ ఆయనకు నా మాటగా ఒకటి చెప్పండి. మీ అత్తగారి నొప్పి భ్రమ కాదు. అది ఎందుకొచ్చిందన్న దాని మీద ఎంతైనా వాదించుకోవచ్చు. వచ్చిన నొప్పి మీద మాత్రం వాదన లేదు. అరిగిన మోకాళ్లతో అర్ధరాత్రి మంచం దిగి, గోడ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్లే మనిషిని ఒక్కసారి చూస్తే నవ్వు రాదు.

రుతువులకూ జబ్బులకూ ముడిపెట్టింది మన ముసలమ్మలు మాత్రమే కాదు. దాదాపు 2,400 ఏళ్ల కిందటి గ్రీకు వైద్యుడు హిప్పోక్రటిస్ పేరున ఉన్న రాతల్లో, వైద్యుడు కొత్త ఊరికి వెళితే ముందు అక్కడి గాలి, నీరు, రుతువులు గమనించాలని ఉంది. ఇక నా సంగతి చెప్పాలంటే, బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వచ్చిన వారంలో నా ఓపీలో వినబడే మొదటి మాట "అమ్మా, ఈ ముసురుకి చచ్చిపోతన్నాను" అనే. ఇన్నేళ్లుగా ఇంతమంది ఒకే మాట అంటుంటే కొట్టిపారేయడం వైద్యం అనిపించుకోదు. అలాగని తరచి చూడకుండా తలూపడం కూడా వైద్యం కాదు.

ముందు గాలి ఒత్తిడి సంగతి చూద్దాం. మన కీలు చుట్టూ ఒక సంచిలాంటి పొర ఉంటుంది. లోపల కొద్దిగా జిగురు ద్రవం ఉంటుంది. బయటి గాలి ఆ సంచిని అన్ని వైపుల నుంచీ నొక్కి పట్టి ఉంచుతుంది. 1836లో జర్మనీకి చెందిన వెబర్ సోదరులు దీన్ని శవం మీద చూపించారు. తుంటి కీలు చుట్టూ ఉన్న కండరాలన్నీ కోసేసినా తొడ ఎముక గిన్నెలోంచి జారిపోలేదు. గిన్నెకు చిన్న రంధ్రం చేసి గాలి లోపలికి పోనివ్వగానే జారిపోయింది. అంటే గాలి ఒత్తిడి కూడా ఆ కీలును పట్టి ఉంచుతోందన్న మాట.

ఈ ఒత్తిడి తగ్గితే ఏమవుతుంది? కొత్తవలస నుంచి అరకు వెళ్లే రైలెక్కినప్పుడు పిల్లల చేతిలో చిప్స్ ప్యాకెట్ చూడండి. బొర్రా వచ్చేసరికి ఉబ్బిపోయి ఉంటుంది. బయటి గాలి పలచబడింది కాబట్టి లోపలి గాలి సాగింది. కీలు చుట్టూ ఉన్న మెత్తటి భాగాలు కూడా అంత కాకపోయినా ఎంతో కొంత సాగుతాయని, ఆరోగ్యంగా ఉన్న కీలుకు అది తెలియదని, అప్పటికే వాచి నరాల కొసలు పచ్చిగా ఉన్న కీలుకు తెలుస్తుందని కొందరు వైద్యుల వివరణ. వినడానికి బాగుంది. కానీ లెక్కలు వేస్తే ఇది ఒక్కటే కారణం అనడానికి నాకు నోరు రాదు. ఎందుకో చెబుతాను.

సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి సగటున 1013 మిల్లీబార్లు. మన తీరంలో వానాకాలంలో 1000కి అటూ ఇటూగా ఉంటుంది. మామూలు అల్పపీడనం వస్తే ఇంకో నాలుగైదు మిల్లీబార్లు పడుతుంది, అంతే. అయితే మన ప్రాంతంలో ఏ వానా లేని రోజున కూడా ఉదయం 10 గంటలకు ఒత్తిడి ఎక్కువగా, సాయంత్రం 4 గంటలకు తక్కువగా ఉంటుంది. ఆ తేడా కూడా మూడు నాలుగు మిల్లీబార్లే. అంటే మీ అత్తగారి మోకాళ్లు ప్రతిరోజూ ఒక చిన్న అల్పపీడనం చూస్తూనే ఉన్నాయి. మూడంతస్తుల మేడెక్కితే ఒక మిల్లీబారు తగ్గుతుంది. అరకు వెళ్తే దాదాపు 100 తగ్గుతుంది.

ఇప్పుడు మీ మరిది మాటకొద్దాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది కదా, ఆ తుపాను కేంద్రంలో ఒత్తిడి 950 మిల్లీబార్ల దాకా పడిపోయింది. ఆ రోజు విజయనగరం, శ్రీకాకుళం వాళ్లెవరూ మరచిపోలేరు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. అక్కడ ఆకాశం నీలంగా ఉన్న రోజున కూడా గాలి ఒత్తిడి ఇంచుమించు ఆ 950 దగ్గరే ఉంటుంది. ఫోన్‌లో 1010 అని చూపిస్తే అది సముద్రమట్టానికి సరిచేసి చెప్పే లెక్క. ఒత్తిడి తక్కువగా ఉండటమే నొప్పికి కారణమైతే హైదరాబాద్‌లో మోకాళ్ల నొప్పి ఉన్న వాళ్లెవరూ మంచం దిగకూడదు. కాబట్టి ఒత్తిడి ఎంత ఉందన్న దానితో పేచీ లేదు. అది ఉన్నట్టుండి మారడం, దాంతోపాటు గాలిలో తేమ పెరగడం, ఈ రెండూ కలిసి వచ్చినప్పుడు కొందరికి తేడా తెలుస్తుందని అనుకోవచ్చు.

ఈ మాట నా ఊహ కాదు. 1960ల మొదట్లో అమెరికాలో జోసెఫ్ హాలండర్ అనే కీళ్ల వైద్యుడు వాతావరణాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చగలిగే గది ఒకటి ఏర్పాటు చేసి, రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు) ఉన్న వాళ్లను అందులో ఉంచి చూశాడు. ఒత్తిడి ఒక్కటి తగ్గించినా, తేమ ఒక్కటి పెంచినా పెద్దగా ఏమీ కాలేదు. రెండూ ఒకేసారి మార్చినప్పుడు ఎక్కువ మందికి కీళ్లు బిగుసుకుపోయాయి. అయితే ఆ గదిలో ఉన్నది కొద్దిమందే. చాలా కాలం తర్వాత బ్రిటన్‌లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2,658 మంది చేత రోజూ ఫోన్‌లో నొప్పి నమోదు చేయించి, వాళ్లున్న చోటి వాతావరణంతో పోల్చి 2019లో ఫలితాలు ప్రకటించారు. తేమ ఎక్కువున్న రోజుల్లో, ఒత్తిడి తక్కువున్న రోజుల్లో, గాలి బలంగా వీచిన రోజుల్లో నొప్పి పెరిగింది. అందులో తేమదే పెద్ద పాత్ర. సగటున చూస్తే చలికీ నొప్పికీ సంబంధం కనబడలేదు.

ఎంత పెరిగిందన్నది ముఖ్యం, జాగ్రత్తగా చదవండి. మామూలు రోజున నూటికి 5 సార్లు నొప్పి ముదిరే మనిషికి, తేమా గాలీ కలిసిన చెడ్డ రోజున నూటికి 6 సార్లు ముదురుతుంది. తేడా ఉంది, చిన్నది. చిన్నది కాబట్టే అన్ని అధ్యయనాల్లోనూ కనబడదు. 2017లో అమెరికాలో పెద్దవాళ్ల ఆసుపత్రి రికార్డులు, కోటికి పైగా సందర్శనలు, తిరగేసి చూస్తే వాన పడిన రోజులకూ పడని రోజులకూ కీళ్ల నొప్పుల విషయంలో తేడా లేదు. నా అభిప్రాయం అడిగితే, ఆ లెక్కకు ఒక పరిమితి ఉంది. నొప్పి వచ్చిన ప్రతివాళ్లూ ఆ రోజే డాక్టరు దగ్గరకు రారు. ముసురులో అసలే రారు.

మరి మీ అత్తగారి జోస్యం చాలాసార్లు ఎలా నిజమవుతోంది? శ్రావణం నుంచి కార్తీకం దాకా మన వైపు "రేపు వాన" అంటే తప్పే రోజులు తక్కువ. ఇంకొకటి, అన్నట్టు జరిగితే ఇంటిల్లిపాదీ గుర్తుపెట్టుకుంటారు. జరగకపోతే ఆ మాట ఎవరికీ గుర్తుండదు. 1996లో రెడెల్‌మయర్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు 18 మంది రోగులను 15 నెలల పాటు గమనించారు. వాళ్లలో చాలామంది తమ నొప్పి వాతావరణాన్ని బట్టే వస్తుందని గట్టిగా నమ్మారు. కాగితం మీద పెట్టి చూస్తే పొంతన కనబడలేదు. పైగా ఇప్పుడు మనకు టీవీ ఉంది. "కళింగపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని కింద అక్షరాలు పోతుంటే ఎవరి చెయ్యి వాళ్ల మోకాలి మీదకే వెళుతుంది. నొప్పి కోసం ఎదురుచూసే శరీరం దాన్ని ముందే పట్టుకుంటుంది. ఇది నటన కాదు, నరాలు పనిచేసే తీరే అంత.

అందుకే నేను మందుకంటే ముందు గోడ క్యాలెండర్ రాస్తాను. రోజూ సాయంత్రం, టీవీలో వాతావరణం చూడకముందే, ఆ రోజు గడిలో నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె వెయ్యాలి. పక్కన ఆ రోజు చేసిన పెద్ద పని ఒక ముక్కలో రాయాలి. చీపురుపల్లి వైపు నుంచి వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు ఇలా ఒక వానాకాలమంతా రాసి తెచ్చారు. ఎర్ర ఇంకుతో అంకెలు, నీలం ఇంకుతో పనులు, ఎంత పొందికగా ఉందో. తన నొప్పంతా వాన వల్లేనని ఆయనకు ఏ అనుమానమూ లేదు. ఇద్దరం కూర్చుని చూశాం. కొన్ని వాన రోజులకు అంకె పెరిగిన మాట నిజమే. కానీ ఎనిమిదీ తొమ్మిదీ పడిన గళ్ల ముందురోజు గడి చూస్తే ఒకచోట "పెళ్లి, కింద కూర్చున్నాను" అనీ, ఇంకోచోట "బ్యాంకు, లైన్లో నిలబడ్డాను" అనీ ఉంది. ఆగస్టు చివర ఒక వారం మొత్తం అంకెలు పైపైకి వెళ్లాయి. ఆ వారం నీలం ఇంకుతో ఒకటే మాట: "వాన, వాకింగ్ లేదు." మాస్టారు ఆ గళ్ల మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత "అయితే వాన కాదమ్మా, వానకి నేను చేస్తున్నది" అన్నారు.

మీ అత్తగారికీ ఇదే చెప్పాలి. ముసురు పట్టిన నాడు మన పల్లెల్లో ముసలివాళ్లు ఏం చేస్తారు? పొద్దున నడక ఆగిపోతుంది. వాకిలి తడిగా ఉంది, జారుతుందని భయం. ఒక మూల మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటారు. రాత్రి నిద్ర సరిగ్గా పట్టదు. కదలని కీలులో జిగురు ద్రవం సరిగ్గా తిరగదు, తొడ కండరం మొద్దుబారుతుంది. రెండు మూడు రోజులు ఇలా గడిస్తే వాతావరణం సాయం లేకుండానే మోకాలు పట్టేస్తుంది. కాబట్టి వాన రోజున మానకూడనివి కొన్ని చెబుతాను. కుర్చీలో కూర్చుని ఒక కాలు నేరుగా చాపి, తొడ కండరం బిగించి, పది లెక్కపెట్టి దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఇంట్లోనే హాల్లో అటూ ఇటూ పది నిమిషాలు నడవాలి, చెప్పులు వేసుకుని. నేల మీద కాకుండా కుర్చీలోనే కూర్చోవాలి. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో పావుగంట కాపడం పెట్టుకోవాలి. చర్మం కాలకుండా చూసుకోవాలి, షుగర్ ఉన్న వాళ్లు మరీను. ఒంటి బరువు ఎక్కువుంటే, ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఏ తుపాను వెళ్లిపోయినా ఇంత మేలు జరగదు.

ఇక హైదరాబాద్. కొడుకును చూసుకోవాలని, మనవలతో గడపాలని ఉంటే సంతోషంగా పంపండి. మోకాళ్ల కోసమే అయితే నేను పంపమనను. మీ మరిది ఇల్లు లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉంటే, తెలిసిన మనిషి ఒక్కరూ లేని ఫ్లాట్‌లో ఆవిడ పొద్దంతా టీవీ ముందు కూర్చోవాల్సి వస్తే, ఇక్కడ మీ ఊరి వీధిలో ఇరుగు పొరుగు ఇళ్లకు నడిచే ఆ నాలుగడుగులు కూడా పోతాయి.

ప్రశ్న: మాది కవిటి మండలం. మా నాన్నకు 55 ఏళ్లు, కొబ్బరి తోటలో పని. వానాకాలం వస్తే నడుం, మోకాళ్లు బాగా నొప్పి పెడతాయి. ముసురు రోజుల్లో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటాడు. లేకపోతే మందుల షాపులో రెండు పూటలకు మాత్రలు కట్టించుకుని వేసుకుంటాడు. వేసుకున్నాక పనికి వెళ్లగలుగుతున్నాడు. బీపీ ఉంది, దానికి మాత్ర వాడుతున్నాడు. ఇలా వాడితే పరవాలేదా?
— ఒక పాఠకుడు, కవిటి

జవాబు: బాబూ, ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది నీదే. పరవాలేదు కాదు. ఈ పత్రిక చదివిన రోజే ఆ మాత్రలు ఆపించు.

మీరుండేది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు, ఈ ఏడు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో నీకు నేను చెప్పక్కర్లేదు. దాని మూలకారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. కానీ నొప్పి మాత్రలు ఆ కిడ్నీల మీద అదనపు దెబ్బ అని మాత్రం నిస్సందేహంగా తెలుసు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, పైరోక్సికామ్ లాంటివి నొప్పిని, వాపును కలిగించే రసాయనాలను ఆపుతాయి. అవే రసాయనాలు కిడ్నీకి రక్తం తగ్గకుండా కూడా చూస్తుంటాయి. తోటలో చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గిన మనిషికి వాటి అవసరం మరింత ఎక్కువ. అప్పుడే మాత్ర వేసి వాటిని ఆపేస్తే కిడ్నీ ఎండిపోతుంది. మీ నాన్న బీపీకి టెల్మిసార్టాన్ లాంటిది వాడుతుంటే, దాంతోపాటు మూత్రం ఎక్కువ పోయే మాత్ర కూడా ఉంటే, ఈ మూడూ కలిసి ఇంకా ప్రమాదం. సూదిగా వేసినా మందు మందే, కిడ్నీకి తేడా లేదు.

ముసురు వల్ల పెరిగే నొప్పి ఎంత చిన్నదో పై జవాబులో రాశాను. ఆ కాస్త నొప్పికి కిడ్నీని పణంగా పెట్టడం నాకు కడుపు తరుక్కుపోయే విషయం. మీ నాన్న నొప్పి వాతావరణం వల్ల కంటే పని వల్లే అని నా నమ్మకం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక వచ్చిన వాళ్లను అడిగితే, తుపాను రాత్రి ఎలా ఉందో ఒక్కరూ చెప్పలేదు. పడిపోయిన కొబ్బరి, జీడి చెట్లు నరికి మోసిన రోజుల గురించి, కరెంటు లేక నీళ్లు బిందెలతో తెచ్చిన రోజుల గురించి చెప్పారు. గాలి ఒత్తిడి ఎప్పుడో మామూలైపోయింది. నడుములు మాత్రం నెలల తరబడి పట్టేసి ఉన్నాయి.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఈ వారంలోనే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటకు పంపాల్సిన వ్యర్థం), మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించు. క్రియాటినిన్ మామూలుగా ఉందని ధీమా వద్దు. కిడ్నీ పని సగం దాకా తగ్గినా అది పెరగకపోవచ్చు, అందుకే మూత్రం పరీక్ష కూడా కావాలి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ జబ్బుల కోసమే 200 పడకల ఆసుపత్రి తెరిచారు, మీకు దగ్గరే. నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు, రోజు మొత్తం మీద మూడు గ్రాములు దాటకుండా. 650 మాత్ర అయితే రోజుకు నాలుగుకు మించకూడదు. లివర్ జబ్బు ఉన్నా, రోజూ మద్యం తాగే అలవాటు ఉన్నా ముందు డాక్టరుకు చెప్పాలి. మోకాలికి పైన రాసే జెల్‌లోంచి ఒంట్లోకి వెళ్లేది తక్కువే అయినా, పరీక్షల ఫలితాలు వచ్చాక అడిగి వాడటం మంచిది. పనిలో ఉన్నప్పుడు దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగమను. కిడ్నీ జబ్బు ఇప్పటికే ఉందని తేలితే నీళ్లెన్ని తాగాలో కూడా డాక్టరే చెప్పాలి.

ఇంకొక్క మాట. పేరు లేని పొట్లం పొడులు, "ఒక్క డోసుతో పరుగెత్తిస్తుంది" అని అమ్మే నాటు మాత్రలు ఇంట్లో ఉంటే బయటపెట్టించు. వాటిలో కొన్నిటిలో స్టెరాయిడ్ కలుపుతారు. వాడిన వాళ్లకు ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, షుగర్ వస్తుంది. నెలల తరబడి వాడి ఉంటే మాత్రం హఠాత్తుగా ఆపకూడదు, ప్రాణం మీదకు వస్తుంది. ఆ పొట్లం తీసుకుని నేరుగా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ప్రశ్న: నేను ఆటో నడుపుతాను. నాలుగేళ్ల కిందట యాక్సిడెంట్‌లో మోకాలి కింద ఎముక విరిగితే ప్లేటు వేశారు. డిసెంబరు, జనవరి చలికి పొద్దున్నే ఆ చోట సలుపుతుంది. ప్లేటు తీయించేస్తే పోతుందా?
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: తమ్ముడూ, ప్లేటుకు నొప్పి తెలియదు. దాని చుట్టూ ఉన్న మచ్చ కణజాలం, నరాల కొసలు, అప్పట్లో దెబ్బతిన్న కండరం, వీటికి తెలుస్తుంది. ముంగాలి ఎముక మీద మాంసం పల్చగా ఉంటుంది కాబట్టి పొద్దున్నే ఆటోలో చల్లగాలి తగిలితే ఆ చోటు తొందరగా చల్లబడుతుంది. పొడవు సాక్సు వేసుకో, లేదా మోకాలి కింద గుడ్డ చుట్టుకో. బండి తీసే ముందు మడమను పైకీ కిందకీ పదిసార్లు ఆడించు. చలికాలం సలుపు కోసమే ఆపరేషన్ చేయించి ప్లేటు తీయించవద్దు. కానీ అక్కడ ఎర్రబడినా, వాచినా, చీము తడి కనబడినా, బరువు వేసినప్పుడు కొత్తగా పోటు వచ్చినా ఆ వారంలోనే ఎక్స్‌రే తీయించాలి.

ప్రశ్న: నాకు మోకాళ్ల నొప్పులు. వానాకాలంలో వంకాయ, బంగాళాదుంప, పెరుగు, చద్దన్నం ముట్టుకోవద్దని, అన్నీ వాతం చేస్తాయని మా వదిన గారు అంటున్నారు. మానేశాను గానీ నొప్పి తగ్గలేదు. మళ్లీ తినవచ్చా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తినండమ్మా, హాయిగా. అరిగిన మోకాలికీ వంకాయకూ పొత్తు లేదు. పెరుగు మానితే ఎముకలకు కాల్షియం తగ్గుతుంది, అది నష్టం. చోడి (రాగి) అంబలి అలవాటుంటే మానవద్దు, అందులోనూ కాల్షియం బాగా ఉంటుంది. తిండితో నేరుగా సంబంధం ఉన్న కీళ్ల జబ్బు ఒకటుంది, గౌట్ అంటాం. ఉన్నట్టుండి రాత్రికి రాత్రి కాలి బొటనవేలి మొదట్లో ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తుంది. అలాంటి వాళ్లు బీరు, సారా లాంటి మద్యం, మేక లివరు, ఎండు నెత్తళ్లు తగ్గించాలి. మీరు రాసిన లక్షణాలు అది కావు. మీ వదిన గారిని నొప్పించకుండా, ఆవిడను తోడు తీసుకుని రోజూ సాయంత్రం కోట చుట్టూ నడవండి.

ప్రశ్న: మా ఇంట్లో ముగ్గురికి రెండు నెలల కిందట వానల్లో జ్వరం వచ్చింది, మూడు నాలుగు రోజుల్లో తగ్గింది. అప్పటి నుంచి నాకు మణికట్లు, వేళ్లు, మడమలు నొప్పి. తేమ వల్లే అని అందరూ అంటున్నారు. వేసవి వస్తే పోతుందా?
— ఒక పాఠకురాలు, గజపతినగరం

జవాబు: తేమ వల్ల కాదు తల్లీ, తేమలో పెరిగిన దోమ వల్ల అని నా అనుమానం. జ్వరంతో మొదలై, ఒకేసారి ఇంట్లో పలువురికి వచ్చి, చిన్న కీళ్లలో నొప్పి మిగిలిపోతే ముందు చికున్‌గున్యా గురించి ఆలోచించాలి. 2006లో మన రాష్ట్రంలో ఊళ్లకు ఊళ్లు ఈ నొప్పులతో మంచం పట్టాయి, పెద్దవాళ్లకు గుర్తుంటుంది. పగటిపూట కుట్టే ఏడిస్ దోమ దీన్ని మోసుకొస్తుంది. కూలరు, పూలకుండీ పళ్లెం, వాడని రోలు, మేడ మీద పాత టైరు, వీటిలో నిలిచిన కాసిని నీళ్లు దానికి చాలు. వారానికోసారి అన్నీ బోర్లించండి.

చాలామందికి వారాల్లో తగ్గుతుంది, కొందరికి నెలల పాటు ఉంటుంది. చికున్‌గున్యా యాంటీబాడీ రక్తపరీక్ష చేయించుకుంటే సంగతి తెలుస్తుంది. ఇంట్లో మళ్లీ ఎవరికైనా జ్వరం వస్తే డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా, ఆస్పిరిన్ కూడా, వేయకండి. రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. మీ విషయంలో నొప్పి మూడు నెలలు దాటినా, పొద్దున లేచాక వేళ్లు ముడవడానికి గంట పట్టినా, పిడికిలి కణుపులు వాచి కనబడినా, వేసవి దాకా ఆగవద్దు. అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అయితే మొదటి నెలల్లో మందు మొదలుపెడితేనే వేళ్లు వంకర పోకుండా ఆపగలం. రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్ పరీక్షలు చేయించి, ఆ కాగితాలతో కీళ్ల డాక్టరును కలవండి.